బ్యూటీషియన్ కోర్సు, ఆ తర్వాతి పని: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో బ్యూటీ కోర్సులో చేరాలనుకునేవాళ్లు, చేరి మధ్యలో ఉన్నవాళ్లు, కొత్తగా పార్లర్ పెట్టుకున్నవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. పనికి సంబంధించినవాటికి కొంచెం వివరంగా, కాగితాలకు సంబంధించినవాటికి క్లుప్తంగా జవాబులిచ్చాం.

బ్యూటీషియన్, కాస్మెటాలజిస్ట్, డెర్మటాలజిస్ట్ ఒకటేనా?

కాదు. డెర్మటాలజిస్ట్ అంటే ఎంబీబీఎస్ తర్వాత చర్మవ్యాధుల్లో పీజీ చేసిన డాక్టర్. బ్యూటీషియన్ చేసే పని చర్మం పై పొర, జుట్టు, గోళ్లు, మేకప్ వరకే. కాస్మెటాలజిస్ట్ అనే మాటను మన దగ్గర ఇద్దరూ వాడుకుంటున్నారు. అందుకే ఈ గందరగోళం. సూది గుచ్చే పని ఏదైనా, అంటే బొటాక్స్, ఫిల్లర్లు, పీఆర్‌పీ, గ్లూటాథయోన్ డ్రిప్ లాంటివన్నీ డాక్టర్ల పని. రెండ్రోజుల వర్క్‌షాప్ చేసి సర్టిఫికెట్ తెచ్చుకున్నంత మాత్రాన ఆ హక్కు రాదు. కస్టమర్‌కు ఏమైనా అయితే ఆ సర్టిఫికెట్ మిమ్మల్ని కాపాడదు.

తక్కువ ఖర్చులో ఎక్కడ నేర్చుకోవచ్చు?

పదో తరగతి పాసైతే ఐటీఐలో కాస్మెటాలజీ ట్రేడ్ ఉంది. ఏడాది కోర్సు. పాసైతే నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్ ఇస్తారు. చేతిలో ఏడాది సమయం ఉన్న పిల్లలకు మేం మొదట చెప్పేది ఇదే. రోజూ ప్రాక్టికల్ ఉంటుంది, చేతికొచ్చే కాగితానికి దేశమంతటా విలువ ఉంటుంది.

పల్లెల్లో ఉండేవాళ్లకు బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు, అంటే ఆర్‌సెటీలు ఉన్నాయి. ఫీజు లేదు, భోజనం, వసతి ఉచితం. బ్యూటీ పార్లర్ కోర్సు సుమారు నెల రోజులు. నెలలో చేయి తిరగదు, నిజమే. కానీ పునాది పడుతుంది, లోన్‌కు బ్యాంకు తలుపు తెరుచుకుంటుంది. పట్టణాల్లో జన శిక్షణ్ సంస్థాన్‌లు, హైదరాబాద్‌లో ప్రభుత్వ శిక్షణ సంస్థ సెట్విన్ కూడా తక్కువ ఫీజుకు నేర్పుతాయి. కేంద్ర ప్రభుత్వ నైపుణ్య శిక్షణ పథకం పీఎంకేవీవై కింద బ్యాచ్‌లు అప్పుడప్పుడు మొదలవుతుంటాయి. అక్కడ ‘అసిస్టెంట్ బ్యూటీ థెరపిస్ట్’, ‘బ్యూటీ థెరపిస్ట్’ అనే పేర్లు వినిపిస్తే, అవి బ్యూటీ అండ్ వెల్‌నెస్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ నిర్ణయించిన స్థాయిలు.

ప్రైవేటు అకాడమీలో డబ్బు కట్టే ముందు ఏం చూడాలి?

ఒక్క ప్రశ్న అడగండి: “కోర్సు అయ్యేలోపు నేను నా చేత్తో ఎంతమందికి చేస్తాను?” ఐబ్రోస్ ఎన్ని, ఫుల్ ఆర్మ్స్ వ్యాక్స్ ఎన్ని, కలర్ ఎన్ని అని అంకెల్లో చెప్పించుకోండి. మేడమ్ చేస్తుంటే వీడియో తీసుకోవడం నేర్చుకోవడం కాదు. బొమ్మ తల మీద హెయిర్‌కట్ సాధన చేయొచ్చు గానీ, వ్యాక్స్, థ్రెడింగ్ మనిషి చర్మం మీదే రావాలి.

ఇంకో మూడు సంగతులు చూసుకోండి. మోడళ్లను అకాడమీయే తెస్తుందా, మిమ్మల్ని తెచ్చుకోమంటుందా? సరుకు ఫీజులో కలిసిందా, విడిగా కొనాలా? బ్యాచ్‌లో ఎంతమంది? ఒక టీచర్‌కు పదిమంది దాటితే మీ చేతి తప్పు చూసే తీరిక ఆమెకుండదు. ఇలాంటి చోట ‘ఇంటర్నేషనల్ సర్టిఫికెట్’ అంటే, ఇచ్చే సంస్థ పేరు అడిగి, ఆ సంస్థ వెబ్‌సైట్‌లో ఈ అకాడమీ పేరుందో లేదో మీరే వెతికి చూడండి. సిడెస్కో, ఐటెక్ లాంటి నిజమైన సంస్థలకు గుర్తింపు ఉన్న కేంద్రాల జాబితా ఉంటుంది.

ఐబ్రోస్‌కు చేయి తిరగడానికి ఎంతకాలం పడుతుంది?

రోజూ చేస్తే రెండు, మూడు నెలలు. ముందు మీ కాలి మీద సాధన చేయండి. మోకాలి కింద వెంట్రుకలు సాఫుగా, తెగకుండా వస్తున్నాయంటే చేయి కుదిరినట్టు.

మూరన్నర కాటన్ దారం తీసుకోండి. పాలిస్టర్ దారం జారుతుంది, చర్మాన్ని కోస్తుంది. ఒక కొస పంటి కింద, ఇంకో కొస ఎడమచేతిలో పట్టుకుని, మధ్యలో కుడిచేతి వేళ్లతో ఉచ్చు చేసి ఐదారు మెలికలు తిప్పాలి. దారాన్ని నోట్లో పెట్టుకునే బదులు మెడకు తగిలించి చేయడం అలవాటు చేసుకుంటే శుభ్రతకు మంచిది. ఉచ్చు వెడల్పుగా ఉన్న వైపు వెంట్రుకల మీద ఉండాలి, మెలిక వెంట్రుక పెరిగే దిశకు ఎదురు నడవాలి. కస్టమర్ ఒక చేత్తో నుదుటిని పైకి, ఇంకో చేత్తో కనురెప్పను కిందికి లాగి పట్టుకోవాలి. చర్మం తెగిందంటే దాదాపు ఎప్పుడూ కారణం ఇదే: ఆమె పట్టు వదిలింది, మీరు గమనించకుండా లాగారు. ప్రతి రెండు లాగుళ్లకోసారి “గట్టిగా పట్టుకోండమ్మా” అని చెప్పడం పనిలో భాగం.

ఆకారానికి కొలత ఉంది. ముక్కు పక్క అంచు నుంచి కంటి లోపలి మూల మీదుగా పెన్సిల్ నిలబెడితే కనుబొమ్మ మొదలు. అక్కడి నుంచే కంటిపాప బయటి అంచు మీదుగా వంచితే ఆర్చ్ వచ్చే చోటు. కంటి బయటి మూల మీదుగా వంచితే కొస. ఈ మూడు చోట్లా తెల్ల పెన్సిల్‌తో చుక్క పెట్టుకుని అప్పుడు దారం పట్టండి.

కొత్తవాళ్లంతా చేసే తప్పు ఒకటుంది. కుడి కాస్త సన్నబడిందని ఎడమను సరిచేస్తారు, ఎడమ ఇంకాస్త సన్నబడిందని మళ్లీ కుడికి వస్తారు. నాలుగు సార్లు తిరిగేసరికి రెండూ దారప్పోగుల్లా మిగులుతాయి. మనం తల వెనక నిలబడి తలకిందులుగా చూస్తున్నామని మర్చిపోవడం వల్లే ఇలా అవుతుంది. ఒక పక్క సగం అవగానే కుర్చీ నిలబెట్టి, ఎదుటికి వచ్చి చూడండి. తేడా ఉంటే ఆ రోజుకు వదిలేయండి. మిగిలిన వెంట్రుక వచ్చే వారం కూడా తీయొచ్చు, తీసిందాన్ని అతికించలేం.

వ్యాక్స్ చేస్తుంటే చర్మం లేచిపోతోంది. ఎందుకు?

నాలుగు కారణాల్లో ఒకటై ఉంటుంది. వ్యాక్స్ మరీ వేడిగా ఉండటం, ఒకే చోట రెండు మూడుసార్లు వేయడం, స్ట్రిప్‌ను పైకెత్తి లాగడం, లేదా కస్టమర్ మొటిమలకు మందు వాడుతుండటం.

వేడిని ప్రతిసారీ మీ మణికట్టు లోపలి వైపు చూసుకోండి. వెంట్రుక కనీసం పావు అంగుళం ఉండాలి. పెరిగే దిశలో పల్చగా రాసి, ఎదురు దిశలో చర్మానికి ఆనించినట్టు లాగాలి. లాగిన వెంటనే రెండో చేయి అక్కడ ఒత్తితే మంట తగ్గుతుంది. ముఖానికి అడాపలీన్, ట్రెటినోయిన్ లాంటి క్రీములు రాస్తున్నవాళ్లకు ముఖం మీద వ్యాక్స్ వద్దు. ఐసోట్రెటినోయిన్ మాత్రలు వాడినవాళ్లయితే మానేసిన ఆరు నెలల దాకా ఆగమనాలి. అడగకపోతే వాళ్లు చెప్పరు కాబట్టి, కస్టమర్ వివరాలు రాసుకునే కార్డు మీద ‘మొటిమలకు ఏమైనా మందు వాడుతున్నారా?’ అనే గడి పెట్టుకోండి. ఒంటికి తగిలిన పుల్లను మళ్లీ డబ్బాలో ముంచొద్దు.

ఫేషియల్ తర్వాత మొటిమలొచ్చాయని గొడవ చేస్తున్నారు.

చీముపట్టిన మొటిమలున్న ముఖానికి స్క్రబ్, గట్టి మసాజ్ చేస్తే వాపు పెరుగుతుంది. అలాంటి చర్మానికి క్లెన్సింగ్, మాస్క్‌తో ఆపండి. మామూలు చర్మానికైనా ఆవిరి ఐదారు నిమిషాలు చాలు, ముఖానికి అడుగు దూరంలో ఉండాలి. మసాజ్ పదిహేను ఇరవై నిమిషాలు. బ్లీచ్, వ్యాక్స్, స్క్రబ్ మూడూ ఒకే రోజు ఒకే ముఖం మీద వద్దు. ప్యాకేజీలో ఉన్నా సరే, వద్దు.

డెవలపర్ మీద 10, 20, 30, 40 అంకెలేమిటి? తెల్లజుట్టుకు ఏది?

డెవలపర్ అంటే జుట్టు రంగులో కలిపే హైడ్రోజన్ పెరాక్సైడ్ ద్రావణం. ఆ అంకెలు దాని బలం. 20 వాల్యూమ్ అంటే ఒక వంతు ద్రావణం ఇరవై వంతుల ఆక్సిజన్ వదులుతుందని అర్థం. శాతంలో 10కి 3, 20కి 6, 30కి 9, 40కి 12.

తెల్లజుట్టు కప్పడానికి 20 వాల్యూమ్. “30 వేస్తే ఇంకా బాగా పట్టుకుంటుంది” అనుకోవడం తప్పు. బలం ఎక్కువైతే వెంట్రుక సహజ రంగును ఎక్కువగా లేపేస్తుంది, వేసిన రంగు త్వరగా కారిపోతుంది, రెండు వారాలకే ఎర్రగా తేలుతుంది. మన నల్లజుట్టును రెండు మూడు షేడ్లు తేలిక చేయాలంటేనే 30 అవసరం. 40ని మాడు దగ్గరికి రానివ్వకండి.

కలిపే పాళ్లు ట్యూబ్ మీదే ఉంటాయి. 1:1.5 అని ఉంటే, వేర్ల టచప్‌కు 20 గ్రాముల రంగు, 30 మి.లీ. డెవలపర్. కొలత కంటి అంచనాతో కాదు, చిన్న తూకంతోనో కొలత కప్పుతోనో. ప్లాస్టిక్ గిన్నె వాడండి. మిగిలింది సీసాలో పోసి మూత పెట్టకండి, గ్యాస్ పుట్టి పగులుతుంది.

జుట్టంతా తేలిక చేసేటప్పుడు వేర్ల నుంచి మొదలుపెడితే, మాడు వేడికి అక్కడ రంగు తొందరగా లేస్తుంది. వేర్లు నారింజ, చివరలు నలుపు మిగులుతాయి. అందుకే వేరు నుంచి అంగుళం వదిలి మధ్యభాగం ముందు, వేర్లు చివర. తెల్లజుట్టు కప్పేటప్పుడు మాత్రం వేర్లే ముందు.

హెన్నా పెట్టుకున్న జుట్టుకు రంగు వేయొచ్చా?

అచ్చమైన గోరింటాకు పొడి అయితే రంగు కాస్త తేడాగా వస్తుంది, అంతే. ‘నల్ల హెన్నా’ ప్యాకెట్లతోనే భయం. కొన్నిటిలో లోహ లవణాలు ఉంటాయి. అవి పెరాక్సైడ్‌తో కలిస్తే జుట్టు వేడెక్కి తెగిపోతుంది. అనుమానం ఉంటే తల వెనక నుంచి చిన్న కుచ్చు కత్తిరించి, 30 మి.లీ. 20 వాల్యూమ్ పెరాక్సైడ్‌లో 20 చుక్కల 28 శాతం అమ్మోనియా కలిపి అరగంట ఉంచండి. గిన్నె వేడెక్కినా, బుడగలొచ్చినా, చెడు వాసన వచ్చినా, కుచ్చు ఒక్కసారిగా రంగు మారినా ఆ తలకు రసాయనం వద్దు.

ప్రతిసారీ ప్యాచ్ టెస్ట్ చేయాలా?

చేయాలి. రంగులో ఉండే పీపీడీ అనే రసాయనానికి అలర్జీ ఎప్పుడైనా మొదలవ్వొచ్చు, పదేళ్లుగా అదే రంగు వేసుకుంటున్నవాళ్లకు కూడా. చెవి వెనక లేదా మోచేతి మడతలో బఠాణీ గింజంత రాసి 48 గంటలు చూడాలి. పెళ్లి రేపు, రంగు ఈ రోజే కావాలి అనేవాళ్లకు ప్యాచ్ టెస్ట్ లేకుండా వేసే పని పెట్టుకోకండి. కళ్లు మూసుకుపోయేంత వాపుతో పెళ్లిపీటల మీద కూర్చోవడం కన్నా రెండు తెల్ల వెంట్రుకలు కనిపించడం నయం.

కెరటిన్, స్మూతెనింగ్ ఎంతవరకు క్షేమం?

జుట్టును సాఫు చేసే చాలా స్మూతెనింగ్ ద్రావణాలు హెయిర్ ఐరన్ వేడికి ఫార్మాల్డిహైడ్ వదులుతాయి. అది క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం తేల్చింది. డబ్బా మీద ‘ఫార్మాల్డిహైడ్ లేదు’ అని ఉన్నా మిథిలీన్ గ్లైకాల్ అనే పేరుందేమో చూడండి, అది కూడా అదే వదులుతుంది. బదులుగా వచ్చిన గ్లయాక్సిలిక్ యాసిడ్ ద్రావణాలు వాడాక కిడ్నీలు దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. కస్టమర్ కూర్చునేది మూడు గంటలు, మీరు పీల్చేది ఏడాదంతా. ఏసీ గదిలో తలుపులు బిగించి ఈ పని చేయకండి, బయటికి గాలి లాగే ఫ్యాన్ ఉండాలి.

యూవీ బాక్స్‌లో పెడితే పరికరాలు స్టెరిలైజ్ అయినట్టేనా?

కాదు. అది శుభ్రం చేసినవాటిని దాచే పెట్టె. ముందు సబ్బునీళ్లతో కడగాలి, తర్వాత క్రిమిసంహారకం. కత్తెర, దువ్వెనకు 70 శాతం ఆల్కహాల్ సరిపోతుంది. రక్తం తగిలే క్యూటికల్ నిప్పర్, బ్లాక్‌హెడ్ రిమూవర్‌లను ఆటోక్లేవ్‌లో, అంటే ఒత్తిడితో కూడిన ఆవిరితో క్రిములను చంపే పరికరంలో, 121 డిగ్రీల దగ్గర 15 నుంచి 20 నిమిషాలు ఉంచాలి. బ్లేడు ఒకరికి ఒకటే. హెపటైటిస్ బి, సి పాకేది ఇలాగే. మీరు కూడా హెపటైటిస్ బి టీకా మూడు డోసులు వేయించుకోండి: మొదటిది, నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది.

‘తెల్లబడాలి, ఏదైనా క్రీం ఇవ్వండి’ అంటే?

పేరులేని డబ్బాలో క్రీం అమ్మకండి. వాటిలో ఉండేది ఎక్కువగా స్టెరాయిడో పాదరసమో. స్టెరాయిడ్ రాస్తే వారంలో మెరుస్తుంది, నెలల్లో చర్మం పల్చబడి ఎర్రటి నరాలు తేలతాయి, మానేస్తే మంట. పాదరసం కిడ్నీల్లోకి చేరుతుంది. చామనఛాయ జబ్బు కాదని చెప్పి, సన్‌స్క్రీన్ రాసుకునే పద్ధతి నేర్పండి: ముఖం, మెడకు కలిపి రెండు వేళ్ల పొడవునా గీత గీసినంత, బయట ఉంటే రెండు మూడు గంటలకోసారి.

తెలుగు పెళ్లికూతురి మేకప్‌లో ప్రత్యేకంగా గుర్తుంచుకోవాల్సినవి?

ముంబయి, ఢిల్లీ వీడియోలు చూసి నేర్చుకున్నవాళ్లు తడబడేది ఇక్కడే. మన పెళ్లిలో తల మీద జీలకర్ర బెల్లం పెడతారు. నడినెత్తిన ఎత్తుగా పఫ్ లేపి స్ప్రే కొట్టేస్తే ఆ ముద్ద జారి పాపిడి బిళ్ల మీద పడుతుంది, లేదా జుట్టులో చిక్కుకుని పీకితే గానీ రాదు. నడినెత్తి మీద తమలపాకు పట్టేంత చోటు చదునుగా వదిలి, పఫ్‌ను దాని వెనక నుంచి మొదలుపెట్టండి. నుదుటన బాసికం కడతారు, దాని దారం కణతల మీదుగా పోతుంది. కల్యాణ తిలకం బాసికం కింద కనిపించేలా కొంచెం దిగువకు దిద్దాలి. తలంబ్రాల బియ్యం పసుపు తడితో ఉంటుంది. బుగ్గ మీద మరక పడితే తుడవకుండా టిష్యూతో అద్ది, పైన కాస్త పౌడర్ ఒత్తమని తోడు పెళ్లికూతురికి ముందే చెప్పి ఉంచండి.

నలుగు పెట్టిన పసుపు ముఖం మీద మిగిలే ఉంటుంది. షేడ్ బుగ్గ మీద చూస్తే పచ్చగా తేలుతుంది, దవడ కింద మెడ మీద చూసి ఎంచుకోండి. ఫ్లాష్ పడే పెళ్లికి సిలికా పౌడర్ దట్టిస్తే ఫొటోల్లో ముఖం సున్నం కొట్టినట్టు వస్తుంది. ముందే మీ ఫోన్ ఫ్లాష్‌తో ఒక ఫొటో తీసి చూసుకోండి.

పూలజడ బరువును పిన్నులు మోయవు. సవరంతో జడ గట్టిగా అల్లి, పైన, మధ్యలో, కింద మూడు చోట్ల నల్ల దారంతో కట్టాలి. పైముడి మాడును లాగుతుంటే ఆమె పీటల మీద రెండు గంటలు తలనొప్పితో కూర్చుంటుంది. కట్టాక తల వంచి, తిప్పి చూడమనండి.

సమయాన్ని ముహూర్తం నుంచి వెనక్కి లెక్కపెట్టండి. తెల్లవారుజామున 4 గంటలకు ముహూర్తమంటే గౌరీపూజకు 2 గంటలకల్లా సిద్ధంగా ఉండాలి. చర్మం సిద్ధం చేయడానికి 15 నిమిషాలు, బేస్ 45, కళ్లు 30, జడ 45, చీర 30, నగలు 20. మొత్తం మూడు గంటలు దాటింది. అంటే కాస్త వెసులుబాటుతో రాత్రి పదిన్నరకు కుర్చీలో కూర్చోబెట్టాలి. ఆచారం ఉన్న ఇళ్లలో మధ్యలో మధుపర్కాలకు మార్చాలి. ఆ పావుగంట కోసం మీ మనిషి ఒకరు అక్కడే ఉండాలి, ఆ సంగతి బేరం కుదిరేటప్పుడే చెప్పాలి.

తల కడిగేటప్పుడు కస్టమర్‌కు కళ్లు తిరిగితే?

వెంటనే ఆపి పడుకోబెట్టండి. మాట తడబడినా, ఒక పక్క చేయి బలహీనమైనా 108కి ఫోన్ చేయండి. బేసిన్ అంచు మీద మెడ ఎక్కువసేపు వెనక్కి వంగితే మెదడుకు వెళ్లే రక్తనాళం నలగొచ్చు. ‘బ్యూటీ పార్లర్ స్ట్రోక్’ అని 1993లోనే వైద్యులు దీనికి పేరు పెట్టారు. 2022లో హైదరాబాద్‌లో ఇలాంటి కేసు వార్తల్లోకి వచ్చింది. మెడ కింద మడతపెట్టిన టవల్ పెట్టడం, మధ్యలో ఒకసారి తల లేపడం అలవాటు చేసుకోండి.

సొంత పార్లర్‌కు ఏ కాగితాలు, ఏ లోన్లు?

కార్మిక శాఖలో షాప్స్ అండ్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ రిజిస్ట్రేషన్, మున్సిపాలిటీ లేదా పంచాయతీ ట్రేడ్ లైసెన్స్, చిన్న వ్యాపారాలకు ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్. చివరిది పూర్తిగా ఉచితం, ఎవరికీ డబ్బివ్వకండి. ఇంట్లోనే పెట్టినా కరెంటు కనెక్షన్ కమర్షియల్‌కు మార్పించుకోండి. ఏడాది రాబడి 20 లక్షలు దాటితే జీఎస్‌టీ. సెలూన్ సేవల మీద అది 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 శాతం నుంచి 5కి తగ్గింది, కానీ కొన్న సరుకు మీద కట్టిన పన్నును వెనక్కి తీసుకోలేం.

కేంద్ర ప్రభుత్వ ముద్ర పథకంలో శిశు లోన్ 50 వేల దాకా, కిశోర్ 5 లక్షల దాకా, తాకట్టు లేకుండా. క్షౌరవృత్తిలో ఉన్నవాళ్లకు పీఎం విశ్వకర్మ పథకం ఉంది: శిక్షణ రోజులకు రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15 వేలు, మొదట లక్ష, తర్వాత 2 లక్షల లోన్ 5 శాతం వడ్డీకి.

రేటు ఎంత పెట్టాలి?

పక్క పార్లర్ బోర్డు చూసి కాదు, లెక్క వేసి. ఉదాహరణకు అద్దె, కరెంటు కలిపి నెలకు 15,000. నెలకు 26 రోజులు, రోజుకు 8 గంటలు, అందులో సగం సమయమే కుర్చీ నిండుతుంది. అంటే 104 గంటలు, గంటకు 144 రూపాయలు. గంటంపావు పట్టే ఫేషియల్ మీద 180 పడింది. కిట్ 120, దూది, షీటు, గ్లవ్స్ 25 కలిపితే 325. మీ కష్టానికి కూడా నెలకు 15,000 అనుకుంటే ఇంకో 180. మొత్తం 505. దీన్ని 400కు చేస్తే ఆ 105 రూపాయలు మీ కూలిలోంచే పోతున్నాయి.

విదేశాల్లో ఈ పని చేయొచ్చా?

అమెరికాలో రాష్ట్రానికో లైసెన్సు. కాలిఫోర్నియా, టెక్సాస్‌లలో కాస్మెటాలజీకి 1,000 గంటల శిక్షణ కావాలి. థ్రెడింగ్ మాత్రమే చేసేవాళ్లకు 750 గంటల కోర్సు అడగడం చెల్లదని 2015లో టెక్సాస్ సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. వర్క్ పర్మిట్ లేని హెచ్4 వీసా మీద ఇంట్లో డబ్బుకు ఐబ్రోస్ చేసినా అది అనుమతి లేని ఉద్యోగమే. గల్ఫ్‌కు వెళ్లేవాళ్లు ఏజెంట్ పేరు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైట్‌లో ఉందో లేదో చూసుకుని, పని ‘బ్యూటీషియన్’ అని కాంట్రాక్టులో రాయించుకోండి. ఇంటిపని వీసా మీద పంపి అక్కడ పార్లర్ చూపిస్తామంటే నమ్మొద్దు.

ఈ పని ఎన్నేళ్లు చేయగలం? చేతులు పాడవుతున్నాయి.

రంగులు, షాంపూ, తడి వల్ల వేళ్ల మధ్య పగుళ్లు ముందు వస్తాయి. నైట్రైల్ గ్లవ్స్ వాడండి, రబ్బరువి కొందరికి పడవు. చేతులు కడిగిన ప్రతిసారీ ఆరబెట్టి వాసన లేని క్రీం రాయండి. జుట్టుకు వాడే బ్లీచ్ పౌడర్‌ను పైనుంచి గుమ్మరించకండి. అందులోని పర్‌సల్ఫేట్ ధూళికి ఆస్తమా వస్తుంది. చెంచాతో నెమ్మదిగా తీసి, ముందు డెవలపర్ పోసిన గిన్నెలో కలపండి. ఫేషియల్ బెడ్ మీ నడుము ఎత్తుకు ఉండాలి. థ్రెడింగ్‌కు కస్టమర్ తల మీ ఛాతీ ఎత్తుకు వచ్చేలా కుర్చీ లేపండి, మీ మెడ వంగకూడదు. ఆదివారం వరుసగా ఇరవైమందికి ఐబ్రోస్ చేస్తుంటే ప్రతి ఐదుగురి తర్వాత రెండు నిమిషాలు బొటనవేళ్లు చాచి, ముడిచి, మణికట్టు తిప్పండి. బొటనవేలి మొదట్లో నొప్పి మూడు వారాలు దాటితే ఎముకల డాక్టర్‌కు చూపించండి.